గట్టయ్య బండి, రాజక్క కోడిపెట్ట

సాస్తి బొగ్గు గనిలో డంపర్ నడిపి రిటైరైన గట్టయ్య, సాయంత్రం కాగానే హెల్మెట్ పెట్టుకుని పెరట్లోని రేకుల షెడ్డులోకి వెళ్తాడు. అక్కడ దూర ప్రయాణాలకు వాడే ఆయన పాత టూరింగ్ మోటార్‌సైకిల్ ఉంటుంది. తుప్పు ముద్దలా ఇంటికి చేరిన దాన్ని ఏడాదిపాటు కూర్చుని బాగు చేశాడు. కార్బురేటర్ కడిగాడు, ట్యాంకుకు రంగేశాడు, సీటు కుట్టించాడు. తీరా మొదటి కిక్ కొట్టబోయే రోజున భార్య రాజక్క అడ్డం వచ్చింది. బండికి పక్కన సామాన్లు పెట్టుకునే పెట్టెలో ఆమె కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. "చప్పుడు చేస్తే అది లేసిపోతది. పిల్లలయ్యేదాక బండి ముట్టకు," అంది. "దానికి చప్పుడు అలవాటు చేస్త సూడు," అన్నాడు గట్టయ్య.

అప్పటి నుంచి ఆయన సీటెక్కి, హ్యాండిల్ పట్టుకుని, నోటితోనే బండి నడుపుతున్నాడు. డుగ్ డుగ్ అని మెల్లగా మొదలుపెట్టి, గేరు మార్చినప్పుడల్లా గొంతు పెంచుతాడు. వరోరా రోడ్డు మలుపుల్లో హారన్ కూడా నోటితోనే. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసినా తల తిప్పడు. బండి మీదున్నవాడి చూపు రోడ్డు మీదుండాలి కదా. నిన్న ధైర్యం చేసి నిజంగానే కిక్ కొట్టాడు. ఇంజిన్ ఒక్కసారిగా గర్జించింది, రేకులు అదిరాయి. కోడి మెడ కూడా తిప్పలేదు. గట్టయ్య మాత్రం ఉలిక్కిపడి కిందికి దూకి, వాకిలి దాకా ఉరికాడు. "కోడికైతే అలవాటైంది గని, నీకే కాలే," అంది రాజక్క. గట్టయ్య వెనక్కి వచ్చి ఇంజిన్ ఆపేశాడు. హెల్మెట్ సర్దుకుని సీటెక్కి, ఈసారి ఇంకాస్త గట్టిగా, నోటితోనే అందుకున్నాడు.