నాలుగు పూలతో ఎఫీమ్ ప్రయాణం

రష్యాలోని పెర్మ్ నగరంలో ట్రాముల బ్రేకులు బాగుచేస్తూనే ఎఫీమ్‌కు అరవై దాటాయి. ప్రయాణానికి ముందు ఒక్క క్షణం కూర్చోవాలి, మరిచిపోయిన వస్తువు కోసం వెనక్కొస్తే అద్దంలో ముఖం చూసుకోవాలి, ఇంట్లో ఈల వెయ్యకూడదు. ఈ శకునాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. భార్య పోయిన ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో ఆయనకు తోడున్నవి అవే.

పోయిన వేసవిలో విశ్రాంతి గృహంలో లీదియా పరిచయమైంది. యెకాతెరిన్‌బుర్గ్‌లో గ్రంథాలయం చూసుకునే మనిషి, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఫోనే. కొత్త సంవత్సరం సెలవుల్లో వెళ్లి, తనతో కలిసి బతుకుతావా అని ఎదురుగా అడగాలనుకున్నాడు. ఎర్రటి కార్నేషన్లు అయిదు కొన్నాడు. బతికున్న మనిషికి పూలు బేసి సంఖ్యలోనే ఇవ్వాలి, సరి సంఖ్య సమాధులకు.

రైలెక్కి, కాగితంలో చుట్టిన పూలను బెర్తు మీద పెట్టి, వేడినీళ్ల డ్రమ్ము దగ్గర టీ కలుపుకొచ్చాడు. కిటికీ బయట మంచు చూస్తూ కూర్చున్నాడు. సరిగ్గా పూల మీదే కూర్చున్నాడు.

ఎదుటి బెర్తులో గుడ్డు వొలుచుకుంటున్న ముసలమ్మ క్లావ్దియా ఆ కాగితం నలిగిన చప్పుడు విన్నది.

"భలే చోటు చూసుకున్నావు నాయనా!"

విప్పి చూస్తే ఒక పువ్వు తల తెగిపోయింది.

"నాలుగే మిగిలాయి మామ్మా. వెళ్లొద్దని చెప్పడమే ఇది. దారిలో కుంగుర్ స్టేషన్లో దిగి వెనక్కి పోతా."

"ఎవరికయ్యా ఆ పూలు?"

ఆయన దాచకుండా చెప్పాడు. ముసలమ్మ గుడ్డుకు ఉప్పద్దుకుంటూ అంతా విన్నది.

"నీ భయం పూల గురించా, ఆవిడ కాదంటుందనా?"

ఎఫీమ్ పూలను మళ్లీ కాగితంలో చుట్టాడు. కుంగుర్‌లో రైలాగగానే టోపీ పెట్టుకుని సంచీ అందుకున్నాడు.

"పోయేవాడివి పో. ఒక పువ్వు నాకిచ్చి పో," అంది క్లావ్దియా. "నాలుగింటిలోంచి ఒకటి తీస్తే ఎంతో కూడా తెలీదటయ్యా నీకు? నాకు పూలిచ్చే మనిషి పోయి పంతొమ్మిదేళ్లయింది."

ఆయన ఒకటి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. ఆమె దాన్ని టీ గ్లాసులో నిలబెట్టి, గ్లాసును ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకుంది. ఆ ముఖం చూస్తూ ఎఫీమ్ కూర్చుండిపోయాడు. రైలు కదిలింది.

యెకాతెరిన్‌బుర్గ్ ప్లాట్‌ఫాం మీద లీదియా కనురెప్పలు మంచుతో తెల్లబడి ఉన్నాయి. ఎప్పుడొచ్చి నిలబడిందో ఏమో! ఆమెను చూసిన తొందరలో ఎఫీమ్ రైలు గుమ్మంలోంచే పూలు అందించబోయాడు. లీదియా చేతులు వెనక్కి పెట్టుకుంది. అయిపోయింది, కాదన్నట్టే, అనుకున్నాడాయన.

"గడపలోంచి ఇస్తారా ఎవరైనా? పోట్లాటలొస్తాయి. ముందు కిందికి దిగు."

శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడ్డట్టయింది. ఎఫీమ్ సిగ్గుపడుతూ దిగాడు. ఆమె మూడు పూలూ తీసుకుని కోటులో పొదువుకుంది.

"లీదియా, నిన్నొకటి అడగాలి..."

"చలికి నీ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంటికెళ్లి వెచ్చగా అడుగుదువుగాని," అంటూ ఆయన చేయి పట్టుకుంది. "సరేనని ఇక్కడే చెప్పేస్తున్నా."