గాలి పీలుస్తున్న జీపు

దర్శి దాటి నాలుగు మైళ్ళు వెళ్ళాక మా కాన్వాయ్ ఆగింది. పొద్దున ఆరున్నర. ఎనభైల నడుమ ఒక నవంబరు. తుఫాను తీరం దాటింది గానీ ముసురు దాటలేదు. మూడు లారీలు, ఒక జీపు, జీపు వెనక ట్రైలరు. సికింద్రాబాద్‌లో బయల్దేరినప్పుడు ఎండగా ఉంది. తాడేపల్లి దగ్గర కృష్ణ దాటిన దగ్గర్నుంచి వాన మా వెంటే వచ్చింది. మాకిచ్చిన బస రోడ్డు పక్కన పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్. ఆకు సీజను కాదు కాబట్టి ఖాళీగా ఉంది. గోడలకి పాత ఆకు వాసన. నేల పొడిగా ఉంది. మాకు అది చాలు.

సైనికుడంటే మీరంతా తుపాకీ అనుకుంటారు. నా చేతిలో ఎప్పుడూ స్పానరే. నేను ఆర్మీలో బండ్ల మెకానిక్‌ని, నాయక్ ర్యాంకు. ఆ జట్టులో ఇంకో మెకానిక్ ఉన్నాడు. అదే ర్యాంకు, అదే బ్యాచ్. గఢ్వాల్ కొండల నుంచి వచ్చినవాడు. అందరూ గఢ్వాలీ అనే పిలిచేవాళ్ళం. ఏడేళ్ళుగా ఒకే బ్యారక్. ఏ పని చేసినా చెమట పట్టని మనిషి. నాకు వాడంటే గిట్టదు. ఎందుకంటే చెప్పడానికి పెద్ద కారణం లేదు. నేను మూడు గంటలు కష్టపడేది వాడు ముప్పావుగంటలో చేసి ఈల వేసుకుంటూ వెళ్ళేవాడు. ఆ ఈల నాకు పడేది కాదు.

ఆ తుఫాను సాయం మిగతావాళ్ళకి డ్యూటీ. నాకు సొంత ఊరు. బ్యారన్‌కి రెండు మైళ్ళలో వాగు. వాగవతల పేట మాది. మా అమ్మ అక్కడే ఉంది. పత్తి తీతకీ మిరప కోతకీ కూలికి వెళ్ళే మనిషి. నేను ఆమెని చూసి రెండేళ్ళు దాటింది. పేటలోకి నీళ్ళొచ్చాయనీ, జనం చర్చి అరుగు మీద ఉన్నారనీ మాత్రం తెలిసింది. అందులో అమ్మ ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

ఏడు గంటలకి కెప్టెన్ సాబ్ అందర్నీ నిలబెట్టి ఆర్డరు చెప్పారు. వాగు మీది చప్టా పైన మోకాలి లోతు నీళ్ళు. అవతల నల్లరేగడి. లారీ దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. జీపొక్కటే వెళ్తుంది. అందులో బియ్యం, క్లోరిన్ బిళ్ళలు, డ్రైవరు, వైద్యం చూసే నర్సింగ్ అసిస్టెంటు, ఒక మెకానిక్. ఒక్కడే.

మా మాటలన్నీ హిందీలోనే. మీకోసం తెలుగులో చెప్తున్నాను.

"సాబ్, అవతల మా అమ్మ ఉంది. నన్ను పంపండి" అన్నాను.

"జీపు సంగతి తెలుసుగా?" అన్నారు కెప్టెన్ సాబ్.

తెలుసు. దారిలోనే రోగం మొదలైంది. యాక్సిలరేటర్ మీద కాలుంటే పరుగు. కాలు తీస్తే ఇంజను ఊగుతుంది, లేస్తుంది, పడుతుంది, ఆగిపోతుంది. చప్టా మీద మెల్లగా పాకాల్సిన బండి అది. మధ్యలో ఆగితే సైలెన్సర్‌లోకి నీళ్ళు ఎక్కుతాయి. ఇక కదలదు.

"దాన్ని ఎవరు బాగు చేస్తే వాడే వెళ్తాడు. నీళ్ళ మధ్యలో ఆగిందంటే దాని రోగం తెలిసినవాడు దాంట్లో ఉండాలి" అన్నారు ఆయన.

న్యాయమైన మాట. గఢ్వాలీ వైపు చూశాను. వాడు బూటు లేసు కట్టుకుంటున్నాడు.

రోగం ఏమిటో వినగానే తెలిసింది. పెట్రోలు ఇంజను ఊపిరి పీలుస్తుంది. ఆ గాలి కార్బురేటర్ గుండా రావాలి. వచ్చిన గాలికి తగినంత పెట్రోలు అక్కడ కలుస్తుంది. కార్బురేటర్ దాటాక ఎక్కడైనా సందు పడిందంటే అక్కడి నుంచి దొంగగాలి లోపలికి వస్తుంది. దానికి పెట్రోలు కలవదు. ఇంజను జోరుగా తిరిగేటప్పుడు ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. మెల్లగా తిరిగేటప్పుడు అదే గొంతు పిసుకుతుంది. సందు ఎక్కడుందో పట్టుకోవడమే అసలు పని. కంటికి కనబడదు. ఇంజను మోత చెవికి వినబడనివ్వదు.

బ్యారన్ రైతుని కాస్త దూది అడిగాను.

"ఏందయ్యా, బండికి జలుబు చేసిందా?" అన్నాడాయన.

ఇంట్లోంచి గుప్పెడు తెచ్చిచ్చాడు. ఆ చేత్తోనే ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి గఢ్వాలీకి ఇచ్చాడు. "పాపం, ఎక్కడోడో. మన కోసం ఇంత దూరం వచ్చాడు" అన్నాడు. నేనూ అంతే దూరం నుంచి వచ్చాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు.

మా వైపు మనిషిలో ఊపిరి ఉందో లేదో తెలియకపోతే ముక్కు దగ్గర దూది పెట్టి చూస్తారు. నేనూ అదే చేశాను. ఇంజను తిరుగుతుండగా సన్నని పింజ తీసి ఒక్కో అతుకు దగ్గరా పట్టాను. లోపలికి లాగే చోటే సందు. కార్బురేటర్ కింద పట్టాను, ఊరికే వణికింది. ఇంజనుకి గాలి పంచే ఇనప గొట్టాన్ని మానిఫోల్డ్ అంటాం. దాని ముందు అతుకు దగ్గర పట్టాను. పింజ చటుక్కున వెళ్ళి అతుక్కుంది. నా గుండె కూడా అలాగే ఎగిరింది.

"దొరికింది సాబ్" అన్నాను.

మానిఫోల్డ్ విప్పాను. ప్యాకింగ్ షీటు కత్తిరించి అతుకు మధ్య వేసే కొత్త గ్యాస్కెట్ చేశాను. బోల్టులు ఒక్కోటీ వరసగా బిగించాను. వాన నీళ్ళు మెడ వెనక నుంచి వీపు మీదకి కారుతున్నాయి. తొమ్మిదింబావుకి స్టార్ట్ చేయించాను. లేచింది. ఊగింది. ఆగిపోయింది.

మళ్ళీ స్టార్ట్ చేయించి దూది పట్టాను. మళ్ళీ అదే చోట అతుక్కుంది. నాకు మతి పోయింది.

గఢ్వాలీ నా భుజం మీద నుంచి తొంగి చూశాడు. "ముందు ఫ్యాన్ తిరుగుతోంది కదా భాయ్" అన్నాడు.

అంతే అన్నాడు. రేడియేటర్ వెనక ఫ్యాన్ గాలి వెనక్కి తోస్తోంది. దూదిని లోపలి నుంచి ఏదీ లాగడం లేదు, బయటి గాలి దాన్ని అతుకుకేసి నొక్కుతోంది. ఈ సంగతి ట్రైనింగ్‌లో మొదటి నెల కుర్రాడికి కూడా తెలుస్తుంది. పత్తి చేలల్లో పుట్టినవాడికి దూది మీద నమ్మకం ఎక్కువ. ఇంకెవరైనా అయితే నూనె చుక్క వేసి, లోపలికి లాగుతుందా అని చూసేవాళ్ళు. నాకు అమ్మ, వాగు, దూది తప్ప ఇంకేమీ తోచలేదు.

"నువ్వు కాసేపు ఆగు. వాణ్ణి చూడనీ" అన్నాడు కెప్టెన్ పక్కనే ఉన్న సుబేదార్ సాబ్.

గఢ్వాలీ బానెట్ వైపు రాలేదు. డ్రైవరుని దింపి వాడి సీట్లో కూర్చున్నాడు. తడవకుండా. కాలు యాక్సిలరేటర్ మీద ఆనించి, ఇంజను ఆగకుండా పట్టుకుని, బీడీ వెలిగించాడు.

"సాబ్, పెట్రోలు బండిలో బీడీ. చార్జి రాయొచ్చు" అన్నాను సుబేదార్ సాబ్‌తో.

"రాద్దాం. ముందు బండి కదలనీ" అన్నాడాయన.

గఢ్వాలీ పొగ వదిలాడు. పైకి పోవాల్సిన పొగ కిందకి వంగింది. దారంలా సాగి డాష్‌బోర్డు కిందకి పోయింది. వాడు ఇంకోసారి వదిలాడు. మళ్ళీ అక్కడికే పోయింది. బీడీ పళ్ళ మధ్య పెట్టుకుని, తల కిందకి వంచి, చెయ్యి లోపలికి దూర్చాడు.

"ప్లయర్" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. నేనే అందించాల్సి వచ్చింది.

ఆ పాత జీపులో వైపర్లు కరెంటుతో ఆడవు. ఇంజను పీల్చే గాలితోనే ఆడతాయి. మానిఫోల్డ్ నుంచి సన్న రబ్బరు గొట్టం డాష్‌బోర్డు వెనకగా అద్దం దాకా వెళ్తుంది. వంపు తిరిగే చోట అది పగిలింది. గఢ్వాలీ పగులుకి ఇంజను వైపున ప్లయర్‌తో నొక్కి పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు. ఇంజను నెమ్మదించింది. ఊగలేదు. ఆగలేదు. కుట్టుమిషనులా ఒక్క తీరుగా తిరిగింది.

పగిలిన ముక్క కోసేసి, రెండు కొసలనీ సాగదీసి ఒకదాంట్లో ఒకటి తొడిగి, తీగతో బిగించాడు. అద్దం మీద వైపర్లు కూడా లేచి ఆడాయి. బ్యారన్ రైతు నవ్వాడు. డ్రైవరు నవ్వాడు. కెప్టెన్ సాబ్ వాడి వీపు తట్టారు. నేను రెండు గంటలకి పైగా వానలో వంగి నిలబడితే, వాడు పొడిగా కూర్చుని బీడీ తాగుతూ పట్టేశాడు. కళ్ళలో నిప్పులు పోసుకున్నాను అంటారే, అచ్చంగా అదే.

పదీ నలభైకి జీపు వాగులో దిగింది. వైర్‌లెస్ ఆపరేటర్‌తో పాటు నేను ఇవతలి గట్టు మీద ఉన్నాను. జీపులో సెట్టు నర్సింగ్ అసిస్టెంటు దగ్గర ఉంది.

"చప్టా మీద ఉన్నాం. ఓవర్."

"ఇంజను ఎలా ఉంది? ఓవర్."

"బాగుంది. మెల్లగా పోతున్నాం. ఓవర్."

జీపు చప్టా మధ్యకి వచ్చింది. ఆ క్షణంలో ఇంజను ఆగిపోతే బాగుండు అనిపించింది. అవతల అమ్మ ఉంది. ఆకలితో జనం ఉన్నారు. అయినా అనిపించింది. ఆగలేదు. అవతల గట్టెక్కింది. రేగట్లో జారుతూ వెళ్ళి చర్చి ముందు నిలబడింది.

ఆపరేటర్ దగ్గర బైనాక్యులర్స్ బతిమాలి తీసుకున్నాను. అరుగు మీద నుంచి జనం దిగుతున్నారు. వాళ్ళలోంచి ఒక పొట్టి మనిషి అందరినీ తోసుకుని ముందుకి వచ్చింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, బురదలో పరుగు. అమ్మ. బతికే ఉంది. తడిసిన అద్దాలు చొక్కాకి తుడిచి మళ్ళీ చూశాను.

ఆమె పరుగు నా కోసం. పచ్చ యూనిఫారం చూసి నేనే అనుకుంది. జీపు దగ్గరికి వచ్చాక గఢ్వాలీ కిందకి దిగాడు. అమ్మ ఆగిపోయింది. వాడు చెయ్యెత్తి మా గట్టు వైపు చూపించాడు. అమ్మ నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. నేను రెండు చేతులూ ఊపాను. అంత దూరం ఆమెకి ఆనిందో లేదో. మళ్ళీ బైనాక్యులర్స్ ఎత్తాను. అప్పుడు ఇంకొకటి చూశాను. అది చూస్తుండగానే ఆపరేటర్ లాక్కున్నాడు.

రెండో ట్రిప్పులో నన్ను పంపుతారనుకున్నాను. జీపు తిరిగొచ్చేసరికి వైర్‌లెస్‌లో కొత్త ఆర్డరు వచ్చింది. చీరాల వైపు వెళ్ళాలి. వాడరేవులో పడవలు గల్లంతయ్యాయి. వాగవతల సంగతి రేపట్నుంచి ఊళ్ళ ట్రాక్టర్లు చూసుకుంటాయి.

"సాబ్, ఒక్క అరగంట" అన్నాను.

"మీ అమ్మ క్షేమం. రిపోర్టు వచ్చింది. లారీ ఎక్కు" అన్నాడు సుబేదార్ సాబ్.

లారీలో గఢ్వాలీ నా పక్కనే కూర్చున్నాడు. నేను అడగకముందే మొదలుపెట్టాడు. మీ గుడిసె వెనక గోడ పడింది, పైకప్పు ఉంది. కోడి ఒకటి కొట్టుకుపోయింది. మీ అమ్మ చర్చి పొయ్యి మీద వండిన గంజి అన్నంలో ఎర్ర పచ్చడి వేసి పెట్టింది. నా చెవుల్లోంచి పొగలొచ్చాయి భాయ్, అయినా రెండోసారి అడిగాను. ఇదంతా చెప్పాడు. పచ్చడి మెతుకు ఇంకా వాడి చొక్కా మీద ఉంది.

"ఇంకేమైనా?" అన్నాను.

"ఇంకేం లేదు" అన్నాడు. ఆ రోజు ఈల వెయ్యలేదు.

నేను ఇంటికి వచ్చింది ఫిబ్రవరిలో, లీవు మీద. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలికి ఊరంతా తుమ్ముతోంది. అమ్మ నన్ను చూసి చేట కింద పెట్టింది.

"ఆ బండి బిడ్డ బాగున్నాడంట్రా?" అంది.

"నేను బాగానే ఉన్నానమ్మా."

"నువ్వు కనపడతానే ఉన్నావుగా."

రెండు ముద్దలు తిన్నాక అడిగాను. "తెలుగు రాని మనిషితో ఏం మాట్లాడావు?"

"మాటెందుకురా. చేతుల్తో చెప్పాడు. పసితనానే తల్లి పోయిందంట" అంది.

ఏడేళ్ళు ఒకే బ్యారక్. నాకు ఒక్కసారీ చెప్పలేదు. ఆమెకి పది నిమిషాల్లో చెప్పాడు. సాయంత్రం ప్రార్థనలో అమ్మ కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఆ బండి బిడ్డని కాయి, నా కొడుకుని కాయి" అంది. వాడు ముందు, నేను తరవాత. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ వరస మారలేదు. నేనూ ఆమేన్ అన్నాను, ఏం చేస్తాను.

వాడు లారీలో చెప్పకుండా తనకే ఉంచుకున్నది ఒకటుంది. బైనాక్యులర్స్ లాక్కునే ముందు నేను చూసింది అదే. వాడు పొడుగు, అమ్మ పొట్టి. తల అందక ఆమె చెయ్యి గాల్లో ఆగింది. వాడు టోపీ తీసి, వానలో, రేగటి బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మా అమ్మ అరచెయ్యి వాడి తల మీద పెట్టి కళ్ళు మూసుకుంది. వెనక జీపు ఆపకుండా వదిలేసి ఉంది. ఇంజను ఒక్క తీరుగా తిరుగుతోంది.