కొలత తీయని గౌన్లు

మా వీధిలోకి ఆ సింధీ దంపతులు వచ్చేటప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు ఉంటాయి. దేశం రెండైనప్పుడు ఇల్లూ వాకిలీ వదిలి బొంబాయి చేరి, అక్కడా నిలదొక్కుకోలేక, తెలిసినవాళ్ళెవరో ఉన్నారని కర్నూలు వచ్చారు. ఆయన సైకిలు మీద గుడ్డల మూట కట్టుకుని పల్లెలు తిరిగి అమ్మేవాడు. ఊరంతా ఆయన్ని సేఠు అనడంతో ఆమె సేఠమ్మ అయింది. ఆ పిలుపు వింటే ఆమెకే నవ్వొచ్చేది. వండుకునే గిన్నెలు కూడా పక్కింటివాళ్ళవే మరి.

నాయన పోయినాక అమ్మా నేనూ రవికెలు కుట్టి బతికేవాళ్ళం. మిషనరీ స్కూల్లో నేర్చుకున్న కుట్టుపని అలా అక్కరకొచ్చింది. ఒకరోజు సేఠమ్మ ఒళ్ళో గుడ్డముక్కలు వేసుకుని మా అరుగు మీద కూచుంది.

"ఇవి ఎవరూ కొనరు. పిల్లలకు గౌన్లు కుడదామా?"

"ఎవరి పిల్లలకు?" అన్నాను.

"ఎవరికైనా!"

నాకు నవ్వాగలేదు. గుడ్డ కొని, దర్జీ దగ్గర కొలతిచ్చి కుట్టించుకోవడమే మాకు తెలుసు. వేసుకునే బిడ్డ ఎవరో తెలియకుండా గౌను కుట్టడమేంటి? ఆమె మాత్రం నవ్వలేదు. వీధిలో ఆడుకుంటున్న పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, ఏ ఈడుకు ఎంత పొడుగో భుజం నుంచి మోకాలిదాకా దారంతో కొలవడం మొదలుపెట్టింది.

అమ్మకు ఇది నచ్చలేదు. "యాడినుంచో వచ్చినోళ్ళు. రేపు మూటాముల్లె సర్దుకుని పోతే యాడని ఎతుకుతావే?" అంది. అయినా నేను సేఠమ్మతో పనికి పోయినాను.

కర్నూలుకు రాజధాని రావడం మాకు కలిసొచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలకు ఇళ్ళు చాలక ఊరి చుట్టూ గుడారాలు లేచాయి. దర్జీలకు ఊపిరి సలపలేదు. బడికి పోయే పిల్లలకు అప్పటికప్పుడు నిక్కర్లు, గౌన్లు కావాలి. సేఠమ్మ బాడుగకు కుట్టుమిషన్లు తెచ్చి వాళ్ళ వరండాలో వేసింది. కూలికి పోయే ఆడవాళ్ళను పిలిచింది, వాళ్ళకు నేను కుట్టు నేర్పాను. గడప దాటని ముస్లిం ఆడవాళ్ళు ఇంట్లోనే కాజాలు కుట్టి పంపేవాళ్ళు. మధ్యాహ్నాలు మా వీధి పొడుగునా మిషన్ల చప్పుడే.

మూడేళ్ళకు రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు విప్పేశారు, లారీలు కదిలాయి, మా గిరాకీ కూడా వాటితోనే వెళ్ళిపోయింది. కుట్టిన బట్టలు గదిలో గుట్టలుగా మిగిలాయి. సేఠు పెట్టె దించి సామాను సర్దుతుంటే నేను గడపలోనే నిలబడిపోయాను.

"హైదరాబాదులో మా వాళ్ళు ఉన్నారు. ఈడ ఏముండాది ఇంక?" అన్నాడాయన.

సేఠమ్మ పెట్టె మూసి దాని మీద కూచుంది. "ఒకసారి పొమ్మన్నారు, పోయినాం. ఇప్పుడు ఎవరు పొమ్మన్నారని? సర్కారు పోయింది గానీ పిల్లలు పోలేదు. నేను రాను."

ఆయన కోపంగా బయటికి నడిచాడు. సాయంత్రానికి తిరిగొచ్చి, మర్నాడు పల్లెలకు పోవడానికి సైకిలు చక్రానికి గాలి కొట్టుకున్నాడు.

ఆ వారమే ఆత్మకూరు సంతకు పోయినాం. దుప్పటి పరిచి గౌన్లు పేర్చాం. చాలామంది ఆగి చూశారు, ఒక్కరూ కొనలేదు. ఒకావిడ గౌను తిప్పి చూసి, "ఎవరి కొలతకు కుట్టినారమ్మా? మా పాపకు వదులైతే ఏం చేయాల?" అని కింద పెట్టేసింది. బస్సులో తిరిగొస్తూ సేఠమ్మ గౌన్లు ఒక్కొక్కటే మళ్ళీ మడత పెట్టింది. ఇంటికి చేరాక, "మళ్ళీ సంతకు మిషను కూడా తీసుకపోదాం" అంది.

తీసుకపోయినాం. బస్సు మీదికి ఎక్కించడానికి కండక్టరుతో పెద్ద గొడవే అయింది. సంతలో చేతిమిషను నేల మీద పెట్టుకుని కూచున్నాను. సేఠమ్మ గొంతెత్తి అరిచింది, "వేసి చూడండి! వదులైతే ఈడే కుట్టిస్తాం!" ముందు మిషన్ను చూడటానికి పిల్లలు మూగారు. వాళ్ళను వెతుక్కుంటూ తల్లులొచ్చారు. ఒక పాపకు గౌను తొడిగి, నడుము దగ్గర రెండు కుట్లు వేసి ఇస్తే ఆ పిల్ల మళ్ళీ విప్పనివ్వలేదు. పొద్దువాలే సరికి దుప్పటి ఖాళీ. నా చేతులు నొప్పెట్టినా లేవబుద్ధి కాలేదు.

అక్కడే మమ్మల్ని చూసిన కడప బట్టల వ్యాపారి ఒకాయన, "మా అంగడికి పంపుతారా అమ్మా?" అని అడిగాడు. అలా మూటలు కడపకు పోవడం మొదలైంది. బొంబాయి మిల్లుల నుంచి రైల్లో వచ్చిన తానులు మా చేతుల్లో గౌన్లై పల్లెపల్లెకు చేరాయి.

ఒకసారి తాలూకా కచేరీ నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. మిషన్ల దగ్గరున్న ఆడవాళ్ళను చూసి, "ఇంతమంది కాందిశీకులకు ఈడ ఆసరా దొరికిందా?" అన్నాడు.

"కాందిశీకురాలు నేనొక్కదాన్నే సార్," అంది సేఠమ్మ. "మిగతా వాళ్ళంతా మీ ఊరోళ్ళే."

మా అమ్మ కూడా అప్పుడు ఆ వరండాలోనే కూచుని గుండీలు కుడుతోంది. తలెత్తలేదు గానీ, పెదవుల మీద నవ్వు నేను చూశాను.

కడపలో సొంత అంగడి పెట్టినప్పుడు దాన్ని చూసుకోమని సేఠమ్మ నన్ను పంపింది. పరాయి ఊళ్ళో ఒంటరిగా ఎట్లా అని భయపడితే, "నాకు మొదట్లో ఇక్కడి భాషే రాదు. నీకు అదైనా వచ్చు కదా" అంది. కడపలో మొదటి ఉదయం అంగడి తలుపులు తీసి, ముందు చిమ్మి నీళ్ళు చల్లాను. పక్క అంగడాయన తొంగిచూసి, "యా ఊరమ్మా మీది?" అని అడిగాడు.

"కర్నూలు అన్నా. పిల్లలుంటే తీసుకురండి," అన్నాను.