గట్టు మీది ఉప్పుబోరు

నేను పనిచేసే రొయ్యపిల్లల హేచరీలో తెల్లవారుతూనే తొట్లకు సముద్రపు నీళ్ళు వదులుతారు. ఆ ఉప్పు వాసనకు తోటివాళ్ళకు నిద్రమత్తు వదులుతుంది, నాకు మాత్రం మా చేని గట్టు మీది బోరు గుర్తుకొస్తుంది. అనంతపురం జిల్లాలో, యాడికి పక్కన, వంకలో ఇసుక తప్ప నీటిచుక్క కనిపించని పల్లెలో పుట్టినదానివి సముద్రం దగ్గరికెలా వచ్చావని అడుగుతారు. డిగ్రీలో కెమిస్ట్రీకి తోడు సముద్ర విజ్ఞానం రెండో సబ్జెక్టుగా, మైనరుగా తీసుకున్నానని చెప్తాను. ఆ కాగితం మీద మా నాయన సంతకం పడటానికి ఇంట్లో ఎంత గొడవైందో, అంతకు ముందెప్పుడో ఎంత రక్తం కారిందో మాత్రం చెప్పను.

మా ఊర్లో అందరికీ నోటికంటే ముందు చెయ్యి లేచేది. ఎండాకాలం ట్యాంకరు వస్తే ఆడవాళ్ళు బిందెలతోనే మొహాలు పగలగొట్టుకునేవాళ్ళు. మా అమ్మ కనుబొమ్మ మీది మచ్చ అలా వచ్చిందే. శనక్కాయలు పీకే రోజుల్లో పిల్లలం ఉడికిన కాయలు ఒడినిండా పోసుకొని, తింటూ తింటూనే వంకలో రెండు జట్లుగా చీలి రాళ్ళు రువ్వుకునేవాళ్ళం. తల పగిలినవాడు ఇంటికి పరుగెత్తి పసుపు అద్దించుకొని, తిరిగొచ్చి రెండు రాళ్ళు ఎక్కువే విసిరేవాడు. ఇంటికి చేరితే పొగలు కక్కే సంగటి, నంజుకోను ఊరిబిండి పచ్చడి, వాటితోపాటు మా నాయన దెబ్బలు. ఎద్దుల్ని అదిలించే చెర్నాకోలతోనే నన్నూ కొట్టేవాడు. నాకు ఆయనంటే భయం కన్నా కోపమే ఎక్కువగా ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాయనా, ఆయన తమ్ముడైన మా చిన్నాయనా కలిసి బోరు వేయించారు. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్ళు చూసే ముసలాయన పక్కపక్కనే ఉన్న అన్నదమ్ముల రెండు చేన్లూ తిరిగి, కాయ నిక్కి నిలబడిందని సరిగ్గా మధ్య గట్టును చూపించాడు. బోరుబండి పొద్దంతా చెవులు చిల్లులుపడేలా రొద పెట్టింది. తెల్లటి రాతిదుమ్ములో ఒకరినొకరం గుర్తుపట్టలేకుండా నిలబడి ఉండగా, సాయంత్రానికి ముందు బురద, వెనకే నీళ్ళు తన్నుకొచ్చాయి. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాక, బోరు ఎవరిదైతే వాళ్ళే మొదటి దోసిలి తాగాలి. గట్టేమో ఇద్దరిదీ.

"పెద్దోన్ని నేనుండాను, తప్పుకో" అన్నాడు నాయన.

"ఈ పొద్దు నువ్వు తాగితే రేపు బోరు నాదే అంటావన్నా. నేను తాగుతా" అన్నాడు చిన్నాయన.

నాయన గడ్డపార ఎత్తాడు, చిన్నాయన పార ఎత్తాడు. అడ్డం వెళ్ళిన చిన్నమ్మను నాయన జుట్టు పట్టి ఈడ్చి పారేశాడు. పార నాయన భుజాన్ని చీల్చింది. గడ్డపార మొన చిన్నాయన ఎడమ కన్నును చిదిమేసింది. ఆయన మొహం పట్టుకొని బురదలో పొర్లాడుతుంటే, నాయన ఒంగి, రక్తం కారుతున్న చేతులతోనే దోసిలి పట్టి తాగాడు. తాగి ఉమ్మేశాడు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే నాలుకకు తగిలించుకొని చూశారు, అందరూ ఉమ్మారు. కటిక ఉప్పు. రుచైనా చూడకుండా కొట్టుకున్నారు మా వాళ్ళు, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు పక్కపక్కనే ఉన్న మా రెండిళ్ళకూ మాటల్లేవు. నేను డిగ్రీలో చేరాక ఒక సారు మైనరు సబ్జెక్టుల గురించి చెబుతూ, సముద్ర విజ్ఞానం చదివితే హేచరీల్లో, చేపల శాఖలో, రేవుల దగ్గర నీటిపరీక్షల ల్యాబుల్లో, ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంట్లలో పనులుంటాయన్నాడు. ఆ చివరి మాటకు నా ప్రాణం లేచొచ్చింది. అదే తీసుకుంటానని కాగితం నింపి నాయన ముందు పెట్టాను.

"తాగేదానికి గుక్కెడు నీళ్ళు లేవు, సముద్రం చదువుతాదంట! కంప్యూటరు తీసుకోలేవేమే?" అంటూ కాగితాన్ని ఉండచుట్టి పారేసి, చెంప మీద కొట్టాడు. గడపకు తగిలి నా పెదవి చిట్లింది. నేను కాగితం ఏరుకొని మళ్ళీ ముందు పెట్టాను. ఆయన గోడకున్న చెర్నాకోల అందుకున్నాడు. వీపు చిట్లుతున్నా కాగితం వదల్లేదు. అమ్మ అరుపులు విని, ఎనిమిదేళ్ళలో మొదటిసారి చిన్నాయన మా గడప దాటి వచ్చి, నాకూ నాయనకూ మధ్య నిలబడ్డాడు.

"దాన్ని చదువుకోనీ. ఆ నీళ్ళు ఎందుకు ఉప్పగా వచ్చినాయో చెప్పేటోళ్ళు మనింట్లో ఒకరన్నా ఉండల్ల."

నాయన చెర్నాకోల ఎత్తాడు. చిన్నాయన కదల్లేదు.

"కొట్టన్నా. ఇంకో కన్ను ఉండాది గదా."

నాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చెర్నాకోల పారేసి, నా చేతిలోని కాగితాన్ని లాక్కొని తొడ మీద సాపుచేసి సంతకం పెట్టాడు.

మొన్న ఉగాదికి ఊరికి వెళ్ళాను. ఎద్దులు లేవు, వంకలో రాళ్ళు రువ్వుకునే పిల్లలూ లేరు. రెండు చేన్ల మీదా సోలారు పలకలు పరిచారు. గట్టును చదును చేసేశారు, బోరు ఎక్కడుండేదో చూపించమంటే నాయనకే తెలియలేదు. అన్నదమ్ములిద్దరూ మా అరుగు మీద ఓళిగలు తింటుంటే, నేను చదివింది చెప్పాను. వానలు తక్కువైన మా నేల లోతుల్లో నీళ్ళు ఏళ్ళ తరబడి రాళ్ళ మధ్య నిలిచిపోయి, వాటిలోని ఉప్పును పట్టుకుంటాయని, సెలవుల్లో చుట్టుపక్కల బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్ష చేశాననీ, అన్నీ ఉప్పేననీ చెప్పాను.

"అయితే ఆ పొద్దు యాడ వేసినా ఉప్పు నీళ్ళేనా?" అని అడిగాడు నాయన.

"అంతే నాయనా."

ఆయన ఓళిగ పక్కన పెట్టి, లేచి ఇంటి వెనక్కు వెళ్ళాడు. కాసేపటికి వెక్కివెక్కి ఏడవడం వినిపించింది. నేను లేవబోతే చిన్నాయన చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాడు.

"ఏడ్చనీమ్మా. పదిహేనేండ్లకు ఏడుస్తాండాడు."