నాయన క్లారినెట్‌కు నేను చెక్కిన రీడు

మా నాయన కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో పత్తి బేళ్లు విప్పి దులిపే బ్లోరూమ్‌లో పనిచేసేవాడు. సాయంత్రాలు మిల్లు బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఏళ్ల తరబడి పీల్చిన పత్తిదుమ్ముకు రొమ్ము చెడి, చివరికి ఒక్క స్వరం కూడా నిలపలేకపోయాడు. అప్పటికి నేను అదే మిల్లులో నూలు చిలపలు చుట్టే రీలింగ్ సెక్షన్‌లో చేరి ఉన్నాను. క్లారినెట్‌ను ఎవరికైనా ఇచ్చేస్తానని ఆయన అన్నరోజే, నేను నేర్చుకుంటానని చెప్పాను. ఆడపిల్ల బుగ్గలు ఉబ్బించి ఊదితే ఊరంతా నవ్వుతుందని అమ్మ వద్దంది. నాయన క్లారినెట్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

మొదట గొట్టం ఇవ్వలేదు. నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ ఒక్కటే ఇచ్చి, దానికి కట్టిన రీడు అనే పల్చటి రెల్లుబద్దను నాలుకతో తడిపి ఊదమన్నాడు. బాతు అరిచినట్టు కూత వచ్చింది. కింది పెదవి జివ్వున అదిరింది.

"ఆ అదురే శబ్దం," అన్నాడు నాయన. "నీ గాలికి రీడు తలుపు మాదిరి మూసుకొని తెరుచుకొని కొట్టుకుంటా వుండాది. గొట్టం తగిలిస్తే దాంట్లో వుండే గాలి ఆ కొట్టుకునేదాన్ని తన దారికి తెచ్చుకుంటాది. బొక్కలన్నీ మూస్తే లోపలి గాలి పొడుగవతాది, స్వరం దిగతాది. అంతేమ్మా."

ఆ మాట అర్థం కావడానికి ఒక్క పూట చాలింది. పెదవికి అలవాటు కావడానికి నెలలు పట్టింది. తీరా పాట పలికే వేళకు, ఉన్న ఒక్క రీడూ కొసన చీలిపోయింది. దుకాణంలో అడిగితే పైదేశాల నుంచి సరుకు రావడం లేదన్నారు. ఇక చాలు, వదిలెయ్యమని నాయనే అన్నాడు.

నేను వదల్లేదు. వాడిపట్టిలో మా మేనమామ పొలం పక్క కాలువ గట్టున వెదురులా బోలుగా ఉండే కిక్కస పెరుగుతుంది. లీవు పెట్టి వెళ్లి, ముదిరిన కాడలు కోసుకొచ్చి, మిద్దె మీద పసుపు రంగు తేలేదాకా ఎండబెట్టాను. చీల్చి, బ్లేడుతో చెక్కి, గాజుపెంకుతో గీకాను. మందంగా ఉన్నవి అదరలేదు, బుస్సుమని గాలి మాత్రమే వచ్చింది. మరీ పల్చనైనవి ఊదగానే మౌత్‌పీస్‌కు అతుక్కుని నోరు మూసుకున్నాయి. వేళ్లు తెగాయి. వంటింట్లో చెత్త పేరుకుందని అమ్మ రోజూ తిట్టింది. నాయన మాత్రం పక్కన కూర్చుని, ప్రతి ముక్కనూ వెలుగుకు పట్టి, ఎక్కడ ఇంకా గీకాలో గోటితో చూపించేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకటి పలికింది. కింది స్వరం కాస్త గరగరమన్నా, నిలిచింది. నాయన కళ్లు మూసుకుని, మళ్లీ ఊదమని చెయ్యి ఊపాడు.

సంగతి బ్యాండు మాస్టరుకు తెలిసింది. ఆయనకూ రీడ్లు అయిపోతున్నాయి. మా ఇంటికొచ్చి, నేను చేసినవి ఇస్తే మగపిల్లలు వాయిస్తారనీ, ఆడవాళ్లను బ్యాండులో కూర్చోబెట్టే వాడుక లేదనీ చెప్పాడు.

"రీడు కావాలంటే నన్నూ కూర్చోబెట్టాల, మాస్టర్," అన్నాను.

ఆయన నాయన వైపు చూశాడు. నాయన నా వైపు చూపించాడు.

ఆ ఏడు ఆయుధపూజకు మిల్లు వాకిట్లో, వెనక వరుసలో, చీర కొంగు బిగించి కూర్చున్నాను. రీలింగ్ సెక్షన్ ఆడవాళ్లంతా పనిగట్టుకుని నాకు ఎదురుగా వచ్చి నిలబడ్డారు. మొదటి పాటలో ఒకచోట రీడు కీచుమంది. ఎవరో నవ్వారు. నేను పెదవి సర్దుకుని, ఊపిరి తీసుకుని, తరువాతి చరణం అందుకున్నాను.