ఖాళీ సూట్‌కేసుతోని నీల్ దీవికి పోయిన

అందరు మంచిగున్నరా? కోరుట్ల పెద్దక్కా, నీ మోకాలి నొప్పి ఎట్లున్నది, ఆకుపసర్లు బంద్ చేసి డాక్టరుకు చూపించుకున్నవా లేదా? జగిత్యాల వదినె, షుగరు గోలీలు యాళ్లకు ఏసుకుంటున్నవా, సుట్టాలు వస్తె మాత్రం మర్చిపోతున్నవా? గొల్లపల్లి మామా, దగ్గు తగ్గిందా? రాత్రిపూట పొలంకాడికి పోవుడు మానుకో. బుగ్గారం బిడ్డకు నెలలు నిండినయి గదా, ఒక్కదాన్ని ఇంట్ల విడిచిపెట్టి ఎవ్వలు పోకుండ్రి. నా సంగతంటరా, బీపీ ఎప్పటి తీర్గనే ఉన్నది. దీవికి పోయి వచ్చిన కాన్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఒక్కొక్కలకు మొదటి నుంచి చెప్పుకుంట పోతె గొంతు పోతున్నది, అందుకే ఒక్కసారే రాస్తున్న. ఆ దిక్కు పోదామనుకునే వేరేటోళ్లు గూడ చదువుకోవచ్చు.

నేను తిరిగి చూద్దామని పోలేదు. మా మనుమరాలు సౌజన్య, అంటె నా కొడుకు బిడ్డ, నర్సు చదివింది. పోయిన వానకాలంల అండమాన్ దిక్కు నీల్ అనే చిన్న దీవిల, ఒక చిన్న దవాఖానల కొలువు దొరికింది. ఆరు నెలలు చేసి చూసుకొని, ఉంటదో ఉండదో చెప్పాలె. ఆ గడువు అయిపోవచ్చింది. నా కొడుకు కోడలు ఎటూ తేల్చుకోలేక, "అమ్మా, నువ్వు పోయి చూసి రా. నువ్వు ఉండుమంటె ఉంటది, వద్దంటె తీసుకొద్దాం" అన్నరు. పిల్ల గూడ ఫోన్ల "బాపమ్మ మాటనే నా మాట" అన్నది. ఇగ చూడుండ్రి, భారం అంత నా నెత్తి మీద పడ్డది. చుట్టూ నీళ్లు, పిల్లకు సుస్తయితె ఎవలు చూస్తరు, తుఫాను వస్తె ఎట్ల, పాము కరిస్తె ఎట్ల? నా లోపల ముందే తేలిపోయింది. పిల్ల బట్టలు సర్దుకొచ్చెటందుకు పెద్ద సూట్‌కేసు ఒకటి ఖాళీగ పట్టుకున్న. ఎవలికి చెప్పలేదు.

తోడుకు మా చెల్లె రాజవ్వ వచ్చింది. అది కోరుట్లల బీడీలు చేస్తది. దానికి భయమంటె ఏందో ఎరుక లేదు. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగ సిరిసిల్లకు వచ్చి, బస్టాండుల నా సూట్‌కేసు లేపి ఊపింది.

"అక్కా, ఇందుల ఏమున్నదే? గాలి తప్ప ఏం లేనట్టున్నది."

"నోరు మూసుకొని ఎక్కు."

"ఆడ గాలి దొర్కదని సిరిసిల్ల గాలి పట్టుకపోతున్నవా?"

సిరిసిల్ల నుంచి హైదరాబాద్ జేబీఎస్ బస్టాండుకు మూడున్నర గంటలు. ఆడికెళ్లి ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కినం. మా విమానం పొద్దున్నే ఉండె, అందుకే ముందురోజు మాపటీలే పోయి కుర్చీలల్ల కూసున్నం. రాజవ్వ కుర్చీల్నే గురక పెట్టింది, నేను సంచులు లెక్కపెట్టుకుంట కూసున్న. పోను రాను టికెట్లు మనిషికి పదిహేను వేల దాక అయినయి. పండ్గలకు, బడి సెలవులకు ఇంక పిరం అయితదట. లోపల చెకింగు కాడ నా చేతిసంచి ఆపిండ్రు. పిల్లకు ఒడినిండ పోద్దామని అయిదు ఎండు కుడుకలు పెట్టుకున్న. అవి విమానంల పోనియ్యరు అన్నడు ఆ సారు. "ఎందుకు బిడ్డా, దేవునికాడివి" అన్న. "అవి నిప్పంటుకుంటయమ్మా, నూనె ఉంటది" అన్నడు. కుడుకలు పక్కకు పెడుతుంటె నా పానం జల్లుమన్నది. శుభానికి తెచ్చినయి ఈడ్నే ఆగిపోయినయి, ఇగ పోయే పని ఎట్ల అయితదో అని. రాజవ్వ నవ్వుకుంట, "కొబ్బరిచెట్ల దేశానికి కుడుకలు మోసుకపోయేది లోకంల నువ్వొక్కదానివే అక్కా" అన్నది. ఆ మాటకు ఆ సారు గూడ నవ్విండు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

విమానం రెండు గంటల పైన పట్టింది. కింద నీళ్లే నీళ్లు, ఎంతకూ ఒడువయి. నేను కండ్లు మూసుకొని మార్కండేయునికి దండం పెట్టుకున్న. పోర్ట్ బ్లెయిర్ల దిగినం, ఇప్పుడు దాన్ని శ్రీ విజయపురం అంటున్నరు. ఎండ మన జగిత్యాల ఎండ తీర్గ కాల్చది, ఒళ్లంత తడిగుడ్డ కప్పినట్టు ఉంటది. బజారు దగ్గర చిన్న లాడ్జిల ఆ రోజు ఉన్నం. కింద హోటల్ల వంటామెను అన్నం మెత్తగ పెట్టుమని మన హిందీల అడిగితె, "మీరు తెలుగోళ్లేనా? నేనూ తెలుగుదాన్నే" అని పచ్చిపులుసు అసువంటిది చేసిచ్చింది. ఆ ఊర్ల తెలుగోళ్లు మస్తుగున్నరు, ఎక్కువమంది శ్రీకాకుళం దిక్కు నుంచి వచ్చినోళ్ల పిల్లలు. భాష వస్తదో రాదో అని భయపడెటోళ్లు ఆ ఒక్క భయం తీసి పక్కకు పెట్టుండ్రి.

తెల్లారి పొద్దున పడవ. సర్కారు పడవకు తక్కువ పైసలు, గని టికెట్లు తొందర్గ అయిపోతయి. ప్రైవేటు పడవ వెయ్యి రూపాయల పైన. అది ఏసీ, తొందర్గ పోతది. మాకు సర్కారు పడవ దొరికింది, రెండు గంటలు. మధ్యల అలలకు పడవ లేసి లేసి పడుతుండె. ఈ నీళ్లు దాటి ఒక ఆడపిల్ల పానం బాగలేకుంటె ఎట్ల పోతది, ఎట్ల వస్తది? సూట్‌కేసు కాళ్ల నడుమ గట్టిగ పట్టుకున్న. రాజవ్వ మాత్రం పక్కపొంటి కూసున్న బెంగాలామెకు బీడీ ఎట్ల చుట్టాలెనో ఉత్త చేతులతోని చూపిస్తున్నది.

నీల్ దీవిల దిగితె నీళ్లు పచ్చగ, నీలంగ, అద్దం లెక్క ఉన్నయి. గని నేను చూసింది మనుషులను. సౌజన్య లేదు! వస్తనన్న పిల్ల రాలేదు. ఫోను కలుస్తలేదు. ఒక ఆటో పిల్లగాడు వచ్చి, "సౌజన్య సిస్టర్ వాళ్ల దాదీయా మీరు? కూసోండి, ఇల్లు నాకెరుకే" అని హిందీల అన్నడు. వంద రూపాయలన్నడు. గదేందో నాకు ఇంక భయమైంది. ఆటోవాళ్లకు గూడ ఎరుకైందంటె ఏం జరిగిందో అని. తొవ్వంత వాన్ని అడుగుతనే ఉన్న, "పిల్లకు ఏమన్న అయిందా బిడ్డా? నిజం చెప్పు." వాడు, "కాన్పు కేసు దాదీ, తెల్లారగట్ల నుంచి దవాఖానల్నే ఉంది. మీకు చెప్పుమని నాతోని చెప్పి పంపింది" అన్నడు. అరటితోటలు, కూరగాయల చెలకలు, పోక చెట్లు, ఇండ్ల ముందట పూలు. మంచిగనే ఉన్నది ఊరు. నేనే సరిగ చూడలేదు.

పిల్ల కిరాయికి ఉండేది నూకమ్మ అనే ఆమె ఇంట్ల. ఆమెది శ్రీకాకుళం దిక్కు, మొగడు, కొడుకు చేపలు పడ్తరు. వాకిట్ల పెద్ద వల పరుచుకొని తెగినకాడ కుడుతున్నది. మంచినీళ్లు ఇచ్చింది, అన్నం తినుమన్నది. నాకు తినబుద్ధి కాలేదు. పిల్ల ఎప్పుడొస్తదో తెల్వదు. ఉత్తగ కూసుంటె నా చేతులు ఆగయి. మీకెరుకే గదా, యాభై ఏండ్లు కరెంటు మగ్గాల సాంచెల కాడ నూలు కండెలు చుట్టి, తెగిన పోగులు ముడేసిన చేతులు. వల దగ్గరికి జరిగి, ఆమె ముడేసుడు చూసిన. అరె, అది మా ముడే! పోగుకు పోగు కలిపేటప్పుడు మేమేసే ముడే, దారమే లావు. పానం కొద్దిగ నిమ్మళమైంది. సూది కట్టె అడగకుంట తీసుకొని నేను గూడ కట్టుడు మొదలువెట్టిన. ముడి ఎయ్యాలె, బిగియ్యాలె, కొసలు పండ్లతోని కొరికెయ్యాలె. మా కాడ కొస మిగిలితె సాంచెల పోగులు దువ్వే పన్నె సందుల తట్టుకొని బట్ట ఖరాబయితది, అందుకే కొస అనేదే ఉండొద్దు. పొద్దు వంగేదాక ఓ మూల మొత్తం కట్టేసిన.

నూకమ్మ వచ్చి చూసింది. రెండు చేతులతోని వల గుంజింది. నేను కట్టిన ముళ్లు ఒక్కొక్కటి జారి ఊడినయి.

"ఏటి తల్లీ, కొసలు కొరికీసినావేటి?"

"మా కాడ గట్లనే చేస్తరమ్మా."

"మీది నూలు. ఇది నైలాను, జారుతాది. కొసొదిలీయాల. నువ్వెంత బిగించినా కొస నేకపోతే ముడి నిలవదు."

సిగ్గయింది. పొద్దంత చేసిన పని ఆగమయింది. రాజవ్వ ఊకోలేదు. "మా అక్క అంతే వదినె, ఏది పట్టినా కొసదాక కొరుకుతది. ఆ సూట్‌కేసు చూసినవా? పిల్లను అందుల పెట్టి తాళమేసుకొని పోతనని తెచ్చింది." దానికి నేను చెప్పనే లేదు, అయినా పసిగట్టింది. నూకమ్మ నవ్వలేదు. నా దిక్కు చూసి, "పిల్లని తీసుకుపోదామనొచ్చినావా?" అనడిగింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పిన. సుస్తయితె దిక్కెవలు అని నా భయం.

"వచ్చిన నెల్లోనే జ్వరమొచ్చింది దానికి. నాలుగు రోజులు మా ఇంట్లోనే పడుకుంది, గంజి తాగింది. మీకు చెప్పనేదా?"

"చెప్పలేదు! మాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఏటి సేద్దురు? ఈదుకుంటా వద్దురా?"

నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, అంతల్నే ఆమె చేతులు పట్టుకున్న. ఇన్ని నెలలు నాకు రాత్రి పగలు ఒకటే బుగులుండె, సుస్తయితె ఎట్ల అని. అది అయిపోయి గూడ ఎన్నడో దాటిపోయింది, నేనే ఎరుగను.

దీపాలు పెట్టినంక పిల్ల వచ్చింది. డెటాలు వాసన, మొకం పీక్కపోయింది, నవ్వు మాత్రం ఆగుత లేదు. "బాపమ్మా, ఆడపిల్ల పుట్టింది! పెద్దాసుపత్రికి పడవల పంపాలెనేమో అనుకున్నం, గని ఈడ్నే అయింది." కాళ్లు కడుక్కొని నూకమ్మ వంటింట్లకు తన ఇల్లు తీర్గ పోయింది, తనే ప్లేటు తెచ్చుకున్నది. ఉప్పుచేప ముండ్లు తీసి నా పళ్లెంల పెట్టింది. మా ఇంట్ల చెరువుచేప ముండ్లకు భయపడేది ఈ పిల్లనే. తింటుండంగ వాకిట్ల ఒకాయన వచ్చి, కాన్పయిన ఇంటినుంచి మిఠాయి అని ఇచ్చి పోయిండు. నేను జ్వరం సంగతి ఎత్తిన. పిల్ల తల వంచుకొని, "చెప్తె నువ్వు నిద్ర పోవు బాపమ్మా" అన్నది. "చెప్పకుంటె పోతున్ననా?" అన్న. "ఇగ చెప్త" అన్నది. ఒట్టేయించుకున్న.

తెల్లారి పిల్ల సెలవు పెట్టి మమ్ముల తిప్పింది. పొద్దున సముద్రం వెనక్కి పోయినప్పుడు రాతివంతెన దాక నడిచినం. ఆ రాళ్లు నాచు పట్టి జారుతయి, మోకాళ్ల నొప్పులోళ్లు కట్టె పట్టుకోవాలె. గుంతల నీళ్లల్ల రంగురంగుల చేపలు ఉంటయి. రాజవ్వ ఆడ్నే కూలబడి పోరగాండ్ల తీర్గ చూసింది. నేను పిల్లను చూసిన. ఎదురొచ్చినోళ్లంత "సిస్టర్" అని పలకరిస్తున్నరు. ఒక ముసలామె బీపీ చూడుమని తొవ్వల్నే చెయ్యి చాపింది. నేను గూడ చాపిన. "నూట యాభై ఉంటది బాపమ్మా, సంచుల మిషిన్ లేదు గని నీ మొకం చూస్తె తెలుస్తున్నది" అని నవ్వింది.

మూడోనాడు పడవ కాడికి వచ్చినం. పిల్ల నా మొకమే చూస్తున్నది. ఆఖరుకు సూట్‌కేసు తన దిక్కు జరిపిన. "ఇది ఈడ్నే ఉండనియ్. ఇంటికి వచ్చేటప్పుడు నాలుగు జతలు సర్దుకొని రా. మిగిలినయి ఈడ్నే ఉంచు." పిల్లకు అర్థమైంది. జెట్టీ మీదనే నన్ను పట్టుకొని ఏడ్చింది. రాజవ్వ అన్నది, "అమ్మయ్య, ఇప్పుడన్న ఆ గాలి మోసుడు తప్పింది."

భయం పోయిందా అంటె పోలేదు. నిన్న గూడ వాన వార్త చూసి రెండుసార్లు ఫోన్ చేసిన. నాకు భయం బొట్టు తీర్గ, అది లేకుండ గడప దాటలేను. అయితె ఇంతకు ముందు ఆ భయానికి మొకం లేకుండె, ఇప్పుడు ఆ నీళ్ల అవుతల నూకమ్మ మొకం కనవడ్తది. ఇంకో సంగతి, ఇంటికి వచ్చి సాంచెల కాడ కూసుంటె నా చెయ్యి తెల్వకుండనే కొస వదులుతున్నది. "అమ్మా, పన్నెల తట్టుకుంటున్నది, ఏం చేస్తున్నవే" అని కొడుకు కోపం చేస్తున్నడు.

పోయేటోళ్లకు ఒక్క మాట: ఎండు కుడుకలు విమానంల పెట్టుకోకుండ్రి. దీవిల ఫోన్లు సరిగ పనిచెయ్యయి. మీరు ఎవలింటికి పోతున్నరో ఆ ఇంటామె పేరు, వాడ పేరు కాయితం మీద రాసి రైక సంచిల పెట్టుకోండ్రి. పిల్ల పంపిన ఆటో పిల్లగాడు వచ్చిండు గనుక నేను బతికిపోయిన.

సముద్రంల చేపలు పట్టుడు బంద్ పెట్టే రోజులల్ల నూకమ్మకు పని ఉండదు. అందుకే సెలవు మీద ఇంటికి వచ్చే పిల్లతోని ఆమె గూడ వస్తున్నది, సాంచెలు చూస్తదట. కోరుట్లోళ్లు, జగిత్యాలోళ్లు, గొల్లపల్లి మామ, అందరు మా ఇంటికి రాండ్రి. దినం ఖాయం చేసినం: ఏప్రిల్ ఇరవై ఆరు, ఆదివారం.