పులిపిర్లతో ఆవు చావదట

రామకుప్పం దగ్గరి పల్లెలో మా పిన్నమ్మకు ఒక తొలిచూలు ఆవు ఉండేది. ఈనిన కొన్నాళ్లకే దాని చన్నుల నిండా పులిపిర్లు లేచాయి. పిండేటప్పుడు అవి చిట్లి రక్తం కారేది. పాలకేంద్రం అతను క్యాను వెనక్కి తోసేశాడు.

"పాలల్లో రగతం కనిపిస్తాండాది మా, ఇంగ తేవద్దు" అన్నాడట.

పిండకుండా వదిలేస్తే పొదుగు పాడవుతుంది. అందుకని పిన్నమ్మ రోజూ పిండి, ఆ పాలు పెంటదిబ్బలో పారబోసేది. ఒక పొద్దున నొప్పి ఓర్చుకోలేక ఆవు తన్నింది. ఆమె కుడి మణికట్టు విరిగింది.

నేను పశువుల టీకాల ల్యాబులో పని చేస్తాను. కబురు అందగానే వెళ్లాను. కుప్పం నుంచి వచ్చిన పశువుల డాక్టరు కొన్ని పులిపిర్లు కోసి ఇచ్చాడు. వాటినే నూరి, వాటిలోని వైరస్‌ను చంపి, సూదిమందు చేసి ఆవుకు వేశాం. నెలలు గడిచేకొద్దీ మిగతావి ఎండి రాలిపోయాయి. మందు పనిచేసిందో, వాటంతటవే రాలాయో ఒట్టేసి చెప్పలేను. ఈలోపు పక్కింటి పెయ్యకూ అంటుకుంది.

దూడలకు ముందే వేసే టీకా కావాలి. వైరస్ పైతొడుగును మాత్రం ల్యాబులో తయారుచేసి ఎక్కిస్తే, జబ్బు రాకుండానే ఒళ్లు దాన్ని ఎదుర్కోవడం నేర్చుకుంటుంది. ఆ సంగతి చెప్పి, తయారీకి అనుమతి అడగడానికి మదనపల్లెలో పశువైద్య అధికారుల సమావేశానికి వెళ్లాను. అంతా విని, పైకుర్చీలో ఉన్న పెద్దమనిషి నవ్వాడు.

"పులిపిర్లతో ఆవు చచ్చిందని ఎక్కడైనా విన్నామా అమ్మా?"

గదంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆవు చావలేదు సార్. దాన్ని పిండే మనిషి చెయ్యి విరిగింది."

"అది ప్రమాదం. జబ్బు కిందికి రాదు" అని ఆయన తరువాతి విషయం ఎత్తుకున్నాడు.

తిరుగు బస్సు పుంగనూరు దాటినా నా కోపం దిగలేదు. పిన్నమ్మ ఇంటికి వెళ్లి చెబితే ఆమె నాకంటే ఎక్కువ మండిపడింది.

"యాల నవ్వినారంట? సస్తేనే నొప్పా? పాలు పిండే ఆడది ఒకతైనా ఉండిందా ఆడ?"

ఒక్కరూ లేరు. ఆ సంగతి అంతవరకూ నాకే తట్టలేదు.

తర్వాత వేరే చోట అడిగితే టీకా తయారీకి ఒప్పుకున్నారు. ఈ ఏడు పైతొడుగు తయారైంది. దూడలకు వేసి చూడడం ఇంకా మొదలుకాలేదు. పిన్నమ్మకు మాత్రం పిడికిలి సరిగా బిగియదు. ఆవును అమ్మేసి, ఇప్పుడు పాలు కొనుక్కుంటోంది.